ఆటకు ముగింపు, యంత్రమునకు ఇల్లు

వేసవి సెలవులు రాగానే నిజామాబాదులో ఇంటింటను పుట్టు ప్రశ్న యొకటి కలదు: ఏ ఆట మంచిది? అడుగువారు పిల్లలు, సందేహించువారు తల్లిదండ్రులు, తీర్పు చెప్పువారు మాత్రము ఈ యిరువర్గములకును చెందని ఫోను దుకాణపు కుర్రవాండ్రు. ప్రశ్న చిన్నదే యైనను, ఏ యంత్రముపై ఆడవలెను, ఎవరితో ఆడవలెను, ఎప్పుడు ఆపవలెను అను మూడు సంగతులు అందులో ముడివడి యున్నవి. యంత్రము సంగతి ఇంటి ఆదాయము తేల్చును, తోడు సంగతి ఇంటి జనము తేల్చుదురు. ఆపుట యను సంగతిని మాత్రము ఆటను నిర్మించినవాడే తేల్చవలసి యున్నది. అతడో, గడచిన పది పన్నెండేండ్లుగా ఆ పని బుద్ధిపూర్వకముగా మానుకొన్నాడు. ఈ జిల్లావాసులు ముప్పదియేండ్లుగా టీవీమీదను, కంప్యూటరుమీదను, ఫోనుమీదను ఆడిన ఆటలను ప్రధానముగా ఈ చివరి సంగతిని బట్టియే తూచి, నేడు దొరకువానిలో ఆడదగినవేవో వదలదగినవేవో చెప్పుట ఇచ్చటి ప్రయత్నము.

వీడియో గేము ఇందూరు, అనగా నిజామాబాదు, సీమకు వచ్చిన తీరు ఏకరీతిగా లేదు. కొన్ని యిండ్లకు అది దుబాయి, మస్కటుల నుండి సెలవుపై వచ్చిన తండ్రుల అట్టపెట్టెలలో సబ్బులతోను కంబళ్లతోను కలసి వచ్చెను; తక్కిన యిండ్లకు 1990ల నడుమ పట్టణపు ఎలక్ట్రానిక్ దుకాణముల నుండి వచ్చెను. పైపేరు ఏదైనను లోపలి ప్రాణ మొక్కటే: జపానులో నింటెండో సంస్థ 1983లో విడుదల చేసిన ఫామికాం యంత్రమునకు చౌకగా పోతపోసిన నకళ్లవి. వానితో వచ్చు క్యాసెట్టుపై లక్షలకొలది ఆటలున్నట్లు అంకె అచ్చువేసి యుండెడిది. లోపల నున్నవి పట్టుమని కొన్ని డజనులు, అవియే పేర్లు మార్చుకొని పట్టిక చివరివరకు మరల మరల వచ్చుచుండెడివి. ఆ మోసమునకు కోపగించినవారు అరుదు, ఏలయన ఆ కొన్ని డజనులలోనే 1985 నాటి సూపర్ మారియోయు, 1988 నాటి కాంట్రాయు ఉండెను.

కాంట్రాను ఇద్దరు కలసి ఆడుట తెలిసినవారికి అందలి మూడవ అంచె, జలపాతపు అంచె, తప్పక జ్ఞప్తి యుండును. తక్కిన అంచెలలో దృశ్యము ముందునకు సాగగా, ఇందులో మీదికి సాగును. ఒకడు తొందరపడి రాయి మీదికి రాయి దూకిపోయినచో, క్రింద మిగిలినవాడు తెర అడుగున పడి ప్రాణము కోల్పోవును. శత్రువు గుండు తగులకయే, తోటివాని యాత్రము చేత చచ్చుట యన్నమాట! అన్నదమ్ములకు ఓర్పు నేర్పుటకు ఇంతకంటె పదునైన యుపాయమును ఏ పాఠ్యప్రణాళికా సంఘమును కనిపెట్టి యుండలేదు. అదే క్యాసెట్టులోని బాతుల వేట సంగతియు చెప్పదగినదే. ప్లాస్టిక్ తుపాకి నొక్కగానే టీవీ తెర రెప్పపాటు నల్లబడి, మరుక్షణము బాతున్నచోట తెల్లని చదరము వెలుగును. తుపాకి గొట్టములోని కాంతిగ్రాహకము ఆ చీకటిని, ఆ వెలుగును వరుసగా చూచిననే గుండు తగిలినట్లు. బల్బు వైపు గురిపెట్టి మోసము చేయజూచిన పిల్లవానికి ఆ చీకటి క్షణమే అడ్డు. పాత గాజుగొట్టపు టీవీలలో చిత్రము గీయబడు కాలమును పట్టుకొని కట్టిన లెక్క యిది. పలుచని ఎల్‌సీడీ టీవీలపై అది తప్పును. కావున అటకమీది తుపాకిని నేడు దింపి క్రొత్త టీవీకి తగిలించుకొన్నవారు యంత్రము చెడినదని విచారింప నక్కరలేదు.

ఆ తరము ఆటలకు భద్రపరచుకొను సౌకర్యము దాదాపు లేదు. కరెంటు కోత ఎనిమిదింటికైనచో ఎనిమిదింటికే మారియో మరణించును, రాజకుమారి చెరలోనే యుండును. తెలంగాణ పట్టణములలో కోత వేళలు పత్రికలలో పడిన రోజులవి. విద్యుచ్ఛాఖవారు తెలియకయే ఒక తరమునకు మితాహారము నేర్పిరని నేననుకొందును. అయినను, కోత లేని దినమున సైతము ఆట తనంతట తాను ముగిసెడిది. మూడు ప్రాణములు పోయిన పిదప మొదటినుండి ఆరంభింపవలయును, లేదా గంటలోపున కడపటి శత్రువును చంపి విజయగీతము వినవలయును. రెంటిలో ఏది జరిగినను రిమోటు లాంటి ఆ కట్టె చేయి మారెడిది. చుట్టు కూర్చున్న నలుగురు పిల్లలకు వంతు వచ్చుటకు కారణము పెద్దల న్యాయబుద్ధి యనుకొనుట పొరపాటు. ఆటలోని చావే వారికి వంతు తెచ్చినది.

కంప్యూటరు దశను గూర్చి ఇంత చెప్పవలసినది లేదు. 2000 తరువాత ఇంటర్నెట్ సెంటరులలో గంటకింతని చెల్లించి కుర్రవాండ్రాడిన రోడ్ రాష్, కౌంటర్ స్ట్రైక్, వైస్ సిటీ ఆటలు దేశమంతట ఆడినవే. వైస్ సిటీ రహస్యాక్షరములను నోటుపుస్తకపు వెనుక పుటలలో వ్రాసికొని, గణితపు సూత్రములకంటె శ్రద్ధగా కంఠస్థము చేయుటయు దేశమంతట నున్న విద్యయే. నేడు డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయములోనో, పట్టణపు ఇంజనీరింగు కళాశాలలలోనో చదువు విద్యార్థి చేతి ల్యాప్‌టాపు సాధారణముగా ప్రత్యేక గ్రాఫిక్ కార్డు లేనిది. దానికి భయపడి ఆటలు మానుకొననక్కరలేదు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండవ భాగము, మైన్‌క్రాఫ్ట్, హాలో నైట్, సెలెస్ట్ వంటివి ఆ యంత్రముపై చక్కగా నడచును. వీనిలో హాలో నైట్ కష్టసాధ్యము. ఓటమిని సహింపలేనివారికి దానిని నేను చెప్పను. సెలెస్ట్ కూడ కష్టమే యైనను, ఒక్కొక్క గది ఒక్కొక్క సమస్యగా, పడిన వెంటనే అచ్చటనే లేచునట్లుగా నిర్మింపబడినందున, పరీక్షల నడుమ పావుగంట ఆడి మూసివేయుటకు అనుకూలము.

అసలు చిక్కు ఫోనుతో వచ్చినది. 1997లో నోకియా 6110లో పుట్టిన పాము ఆట నాటినుండియు ఫోనులో ఆట యున్నదే. కాని ఆ పాము తన తోకను తానే కరచికొని చచ్చెడిది, ఆట ముగిసెడిది, ఫోను జేబులోనికి పోయెడిది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా ధర పడిపోయిన పిదప, 2018లో పబ్జీ మొబైల్ దిగిన పిదప, ఫోను ఆటకు నిరంతరత్వము అబ్బినది. నూరుగురు ఒక దీవిపై దూకి, ఒకడు లేక ఒక జట్టు మిగులువరకు పోరాడు ఆ యాట సుమారు అరగంట సాగును. మధ్యలో నిలుపుట యనునది లేదు. బోధనులోని షక్కర్‌నగరు సందులో వినబడిన సంభాషణము దీని స్వభావమును నా వాక్యములకంటె బాగుగా చెప్పును.

"అన్నా, పాలకు పోవాలె గద, అమ్మ పిలుస్తుంది."

"ఉండుర, మ్యాచ్ నడుస్తుంది. ఇప్పుడు లేస్తె మనోళ్లు సస్తరు."

ఆ "మనోళ్లు" ఎవరు? ఒకడు ఎడపల్లివాడు, ఒకడు నాందేడువాడు, మూడవవాని ఊరు అన్నకు కూడ తెలియదు. మువ్వురు అపరిచితుల యెడల ఆ బాలునికి గల బాధ్యతాభావము మెచ్చదగినదే. దానికై ఇంటివారు పాలు లేని చాయ త్రాగవలసి వచ్చుట మెచ్చదగినది కాదు. జట్టుగా నడచుట, దిక్కులు చెప్పుకొనుట, పడినవానిని లేపుట ఇవన్నియు ఈ యాటలోని నిజమైన గుణములు. దోషము యుద్ధములో లేదు; పెద్దలు తుపాకులను చూచి బెదరినారు గాని, గడియారమును చూచి బెదరవలసినది.

ప్రభుత్వము దీనిని 2020 సెప్టెంబరు 2న మరి నూటపదునేడు యాప్‌లతో పాటు నిషేధించెను. 2021 జూలైలో బీజీఎంఐ అను పేరుతో మరల వచ్చెను, 2022 జూలైలో దుకాణములనుండి తొలగింపబడెను, 2023 మేలో తిరిగి వచ్చెను. ఈ రాకపోకల నడుమ పిల్లలు ఫ్రీ ఫైరుకు మారిరి, అదియు 2022 ఫిబ్రవరిలో నిషేధమునకు గురికాగా, దాని మ్యాక్స్ రూపమునకు మారిరి. పదునెనిమిదేండ్ల లోపువారికి బీజీఎంఐలో దినమునకు మూడు గంటల పరిమితి కలదు. తండ్రి ఫోనులో తండ్రి వయస్సుతో ఆడు బాలునికి ఆ పరిమితి ఎట్లు వర్తించునో ఆ నియమము వ్రాసినవారే చెప్పవలెను.

ఆడక తప్పని వారికి ఒక్క స్థానిక సలహా. మే మాసమున నిజామాబాదులో ఎండ 44, 45 డిగ్రీలకు చేరును. ఫోను వేడెక్కినపుడు తన్ను తాను కాపాడుకొనుటకు ప్రాసెసరు వేగమును తగ్గించుకొనును. అంతట దృశ్యము తడబడును, కుర్రవాడు నెట్‌వర్కును నిందించును. వెనుక కవరు తీసివేయుట, గ్రాఫిక్సును స్మూత్ అను స్థాయికి దింపుట, ఛార్జింగు పెట్టి ఆడకుండుట, మధ్యాహ్నము పండుకొనుట అను నాలుగు చికిత్సలలో నాలుగవది ఉత్తమము.

ఫోనుపైననే ముగింపు గల యాటలు లేకపోలేదు. లూడో కింగ్ అట్టిది. నవీ ముంబయి సంస్థయైన గేమ్‌షన్ 2016లో విడుదల చేసిన ఈ యాట 2020 నాటి లాక్‌డౌనులో ఇంటింటికి చేరెను. మన ముసలమ్మలకు దీనిని నేర్పవలసిన పని లేదు, ఏలయన ఇది వారి పచ్చీసే. ఆంగ్లేయులు ఆ హిందూదేశపు ఆటను కుదించి 1896లో లూడోగా హక్కుపత్రము పొందిరి, మనము నూరేండ్ల పిదప దానిని ప్రకటనలతో సహా తిరిగి దిగుమతి చేసికొంటిమి. గవ్వలు గలగలలాడవు, పందెము పడినపుడు అరపులుండవు, నిజమే. కాని షార్జాలోని తండ్రియు ఆర్మూరులోని బిడ్డలును ఒక రూమ్ కోడ్ పంచుకొని ఆదివారము రాత్రి ఒకే పటముపై కాయలు నడుపగలుగుట చిన్న సంగతి కాదు. నాలుగు కాయలు ఇల్లు చేరగానే ఆట సమాప్తము. ఇట్లే మాన్యుమెంట్ వ్యాలీ అను 2014 నాటి యాటను ఫోను గల ప్రతివారికి నిస్సంకోచముగా చెప్పుదును: అసంభవమైన మెట్లు, గోపురములు, త్రిప్పినకొలది మారు దారులు, రెండు మూడు సాయంకాలములలో పూర్తియగును, పూర్తియైన పిదప మరల పిలువదు. క్యాండీ క్రష్ (2012) దీనికి సరిగా వ్యతిరేకము. వేలకొలది అంచెలు దాటినను గమ్యము లేదు. ఐదు ప్రాణములు పోయినపుడు అది మనలను ఆపుట విశ్రాంతికొరకు కాదు, వేచియుండలేని వానిచేత పైసలు వెచ్చింపజేయుటకు.

ఇక మా ప్రాంతమునకు విశేషముగా సంబంధించిన యాట యొకటి కలదు. దానిపై కొంచెము నిలువక తప్పదు. స్విట్జర్లాండుకు చెందిన జెయింట్స్ సంస్థ 2008 నుండి వెలువరించుచున్న ఫార్మింగ్ సిమ్యులేటర్ వరుసలో, 17 అను అంకె గలదాని ప్లాటినం కూర్పున చెరకు చేరినది. నిజామ్‌సాగరు కాలువ నీటితో చెరకు పండించి, బోధనులో 1937లో స్థాపింపబడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీకి మూడు తరములు గడ తోలిన సీమవారు ఈ యాటను పరీక్షింపకున్న మరెవ్వరు పరీక్షింతురు?

పరీక్షించి చూడగా, మెచ్చవలసినవి మెచ్చక తప్పదు. ముచ్చెలు నాటు యంత్రమున్నది. ఒకసారి కొట్టిన పిమ్మట మరల నాటకయే మొదళ్లనుండి పంట లేచును. అనగా కార్శి తోట సంగతి ఆ స్విస్సువారికి తెలిసినదే. చెరకు కోయు యంత్రమునకు సొంత తొట్టి లేదు, కావున ట్రాలీని దాని ప్రక్కన సమానవేగముతో నడుపుచుండవలెను. ఒకడు కోయగా మరియొకడు ట్రాక్టరు నడుపుట, ఇద్దరు మిత్రులకు కాంట్రా నాటి జలపాతము తరువాత దొరకిన మంచి పొత్తు. 22 అను అంకె గలదానిలో చక్కెర మిల్లును కూడ కొని, గడను పోసి, చక్కెర తీసి అమ్ముకొనవచ్చును.

లోపమెచ్చటనన, కాలమందే. కొట్టిన చెరకు ఒక్క దినము దాటి నిలచినకొలది అందలి చక్కెర విరుగును, తూకము తగ్గును. రైతు భయమంతయు, కటింగు ఆర్డరు కొరకు తిరుగుటయు, గానుగ సీజనులో బండ్ల వరుసలో రాత్రులు గడపుటయు, ఆ యొక్క రసాయన సత్యమునుండి పుట్టినవే. ఆటలో ట్రాలీనిండ గడ నింపి నెలలకొలది వదలివేసినను తులము తగ్గదు. కొట్టుటకు కూలిగుంపులు లేవు, వారికి ముందుగా నిచ్చు అడ్వాన్సు లేదు, బకాయి లేదు. మిల్లు ఆటగాని చేతిలో నుండును, ఎన్నడును మూతపడదు. బోధను మిల్లు 2002లో ప్రైవేటు భాగస్వామ్యమునకు పోయి 2015 డిసెంబరులో మూతపడెను. గడను దూరపు మిల్లులకు తోలవలసి వచ్చిన రైతులు కొందరు వరికి మారిరి. చిత్రమేమనగా, ఆ యాటయు 2024లో వెలువడిన కూర్పున వరిమళ్లను, బర్రెలను చేర్చుకొని అదే దారి పట్టినది.

ఇంత దోషము చెప్పియు దీనిని నేను సిఫారసు చేయుదును, ల్యాప్‌టాపు కొంచెము బలమైనదైనచో. పొలమును ఎరుగని పట్టణపు పిల్లవానికి దుక్కి, విత్తు, ఎరువు, కోత అను క్రమము ఇందు చేతికి పట్టుబడును; పొలమెరిగిన తాత ప్రక్కన కూర్చున్నచో ఆట రెండింతలు రుచించును, ఏలయన ప్రతి నిమిషమునకు ఆయన కొక ఆక్షేపణ యుండును.

బలహీనమైన యంత్రము గలవారికి స్టార్‌డ్యూ వ్యాలీ ఉన్నది. ఎరిక్ బరోన్ అను అమెరికావాడు నాలుగేండ్లకు పైగా చిత్రము, సంగీతము, రచన సమస్తము ఒంటిగా సాధించి 2016లో విడుదల చేసిన ఈ యాట కంప్యూటరుపైనను, కన్సోలుపైనను, ఫోనుపైనను దొరకును. తాత వదలిన బీడును సాగుచేయుట కథ. అందలి దినము మన గడియారమున సుమారు పదునాలుగు నిమిషములు. నిద్రింపగానే ఆట భద్రపడును. లేచిపోవుటకు ఇంత మర్యాదగా తలుపు తెరచి చూపు ఆట అరుదు. ఆ తలుపు చెంతనే "ఇంకొక్క దినము" అను ఆశయు కాచుకొని యుండుననుట నిజమే, కాని ఆశకు లోబడుట ఆడువాని స్వేచ్ఛగా మిగిలినది. ఫార్మింగ్ సిమ్యులేటరులో యంత్రమున్నది, ఊరు లేదు. ఇందులో ఊరున్నది, ఊరివారి పుట్టినరోజులు, అలుకలు, సంతలు ఉన్నవి.

కన్సోలుల మాట సంక్షేపముగా ముగించెదను. ప్లేస్టేషన్ 5 మన దేశమున 2021 ఫిబ్రవరి 2న రూ. 49,990కు వచ్చినది, ఆ ధర పెట్టగల యిండ్లు ఈ జిల్లాలో కొలదియే. పెట్టగలవారు దానిని ఒంటరి పిల్లవాని గదిలో గాక నడుమ యింటి టీవీకే తగిలించి, ఇద్దరుండిన గాని ఆడుటకు వీలుపడని ఇట్ టేక్స్ టూ (2021) కొనవలెను. తక్కినవారు సెకండ్ హ్యాండులో దొరకు పాత ప్లేస్టేషనులను చిన్నచూపు చూడరాదు. ప్లేస్టేషన్ 2కు హైదరాబాదులోని అరోనా సంస్థ 2009లో నిర్మించిన హనుమాన్: బాయ్ వారియర్ భారతీయుల తొలి కన్సోలు ఆటగా చరిత్రకెక్కినది, ఆడుటకు మాత్రము బరువైనది, భక్తి గలవారికే చెల్లును. అదే కాలమున హైదరాబాదులోనే గేమ్‌శాస్త్ర సంస్థ చేసిన దేశీ అడ్డా మేలు. కబడ్డీయు, మన చిర్రగోనెయు అందున్నవి. చిర్రను గోనెతో లేపి కొట్టుటలోని ఒడుపు బొత్తాములకు చిక్కలేదు గాని, ప్రయత్నము మనది.

పైసల ఆటలను ఈ పట్టికలోనికి రానీయలేదు. తెలంగాణ ప్రభుత్వము 2017లోనే ఆన్‌లైను రమ్మీని నిషేధించెను. 2025 ఆగస్టులో కేంద్రశాసనము దేశమంతట ధనముతో ఆడు ఆన్‌లైను ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను వేరుపరచి ప్రోత్సహింప దలచెను. పోయిన పైసలు రాబట్టుకొనవలెనను తహతహయే ఆటకు చోదకముగా గలచోట ముగింపు నడుగుటయే వ్యర్థము.

మిగిలినది చదరంగము. హనుమకొండవాడైన అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరులో 2800 రేటింగు దాటిన పిమ్మట మన పిల్లలకు ఆ యాటపై క్రొత్త మక్కువ కలిగినది. 2025లో రియాదులో జరిగిన ఈ-స్పోర్ట్స్ ప్రపంచ కప్పులో చదరంగము కూడ చేరగా, అతడు సెమీఫైనలు వరకు వెళ్లెను. ఫోనులో దీని కొరకు లీచెస్ చాలును. ప్రకటనలు లేవు, రుసుము లేదు, చౌక ఫోనుపైనను నడచును. అందు మూడు నిమిషముల పోటీయు కలదు, కాని నేను చెప్పునది దాని ఉత్తరప్రత్యుత్తర పద్ధతి: ఎత్తునకు ఒక దినము మొదలు పదునాలుగు దినముల వరకు గడువు పెట్టుకొనవచ్చును. షార్జాలో షిఫ్టు దిగిన తండ్రి రాత్రి ఒక ఎత్తు వేయును. బోధనులోని కొడుకు మరునాడు బడినుండి వచ్చి పటము చూచుకొని, గుఱ్ఱమును త్రిప్పి, ఫోను తల్లికిచ్చి పాలకు పోవచ్చును.